మార్కులు తగ్గాయనిపిస్తే ముందు జవాబు పత్రం చూడాలి

పదో తరగతి ఫలితాలు రాగానే మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ నుంచి దెగ్లూరు దాకా తెలుగిళ్లలో మొదలయ్యే ప్రశ్న ఒకటే: రీచెకింగ్‌కి వేయాలా, వద్దా? చాలామంది మార్కులు చూసి ఈ నిర్ణయం తీసుకుంటారు. బడి పరీక్షల్లో ఎనభైలు తెచ్చుకునే పిల్లకు బోర్డులో యాభై ఎనిమిది వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని అనుకోవడం సహజమే. అయితే పొరపాటు జరిగిందో లేదో మార్కుల పత్రం చెప్పదు, జవాబు పత్రం చెబుతుంది. దాన్ని తెప్పించుకుని చూసే వీలు మహారాష్ట్ర బోర్డు కల్పించింది. కాకపోతే గడువు చిన్నది. ఆ గడువులో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియక చాలా కుటుంబాలు డబ్బుతో పాటు అవకాశాన్నీ పోగొట్టుకుంటున్నాయి.

బోర్డు కేంద్ర కార్యాలయం పుణెలో ఉన్నా, ఈ వ్యవహారమంతా విభాగీయ బోర్డులే చూస్తాయి. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలకు నాగపూర్ విభాగం, యవత్మాల్‌కు అమరావతి విభాగం, నాందేడ్‌కు లాతూర్ విభాగం. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు పిల్లల పేపర్ల మీద ఏ ప్రశ్న ఉన్నా లాతూర్‌కే రాయాలి. సిరొంచ నుంచి సొంత జిల్లా కేంద్రానికే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, నాగపూర్ ఇంకా దూరం. కాబట్టి ఆఫీసుకు వెళ్లి తేల్చుకుందామన్న ఆలోచన ఇక్కడివాళ్లకు దాదాపు కుదరదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, అదీ మొదటిసారే తప్పుల్లేకుండా పడాలి.

మూడు వేర్వేరు పనులు

జనం నోట్లో అన్నీ రీచెకింగే. బోర్డు దగ్గర మాత్రం అవి మూడు. మొదటిది గుణ పడతాళణి, అంటే మార్కుల సరిచూత. రుసుము సబ్జెక్టుకు 50 రూపాయలు. ఇందులో ప్రతి జవాబుకూ మార్కు పడిందా, లోపలి మార్కులన్నీ పై పేజీకి ఎక్కాయా, కూడిక సరిగ్గా ఉందా అన్నవి చూస్తారు. జవాబును మళ్లీ చదివి మార్కు మార్చరు. నాలుగు మార్కుల లెక్కకు ఒకటే వేసి ఉంటే, ఆ ఒకటి కూడికలో చేరిందా లేదా అన్నంతవరకే.

రెండోది ఛాయాప్రత, అంటే దిద్దిన జవాబు పత్రం నకలు. సబ్జెక్టుకు 400 రూపాయలు. మూడోది పునర్మూల్యాంకనం, అసలైన రీవాల్యుయేషన్. సబ్జెక్టుకు 300. ఇందులోనే జవాబు మళ్లీ దిద్దుతారు. నకలు తీసుకున్నవాళ్లే దీనికి అర్హులు. నకలు చేతికొచ్చిన 5 పని దినాల్లో విభాగీయ బోర్డుకు దరఖాస్తు చేరాలి. ఈ రుసుములు కొన్నేళ్లుగా ఇవే. అయినా కట్టేముందు ఆ ఏటి ప్రకటన ఒకసారి చూసుకోవాలి.

సరిచూతకూ నకలుకూ గడువు ఒకటే, ఫలితాల మర్నాటి నుంచి సుమారు రెండు వారాలు. 2025లో పది ఫలితాలు మే 13న వచ్చాయి, దరఖాస్తులు మే 14 నుంచి 28 వరకు తీసుకున్నారు. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ముందు 50 కట్టి సరిచూద్దాం, తేడా రాకపోతే అప్పుడు నకలు అడుగుదాం అనుకుంటారు. సరిచూత జవాబు వచ్చేసరికి నకలు గడువు దాటిపోతుంది. నకలు లేనిదే రీవాల్యుయేషన్ లేదు. 350 రూపాయలు మిగుల్చుకోబోయి మూడో దారి శాశ్వతంగా మూసుకున్నట్టవుతుంది. అనుమానం నిజంగా ఉన్న సబ్జెక్టుకు నేరుగా నకలే అడగడం మేలు. కూడిక తప్పు ఉందో లేదో నకలులో ఇంట్లోనే కనిపిస్తుంది. దిద్దుబాటులో తప్పుంటే అదీ కనిపిస్తుంది.

నది అవతలి బంధువుల సలహా

సిరొంచవాళ్లకు గోదావరి దాటితే కాళేశ్వరం. ధర్మాబాద్ నుంచి బాసర కూతవేటు దూరం. కాబట్టి ఫలితాల రోజున మొదటి ఫోను మంచిర్యాలకో నిజామాబాద్‌కో పోతుంది. అటునుంచి వచ్చే సలహా మంచి మనసుతోనే వస్తుంది, కానీ అది వేరే బోర్డు సలహా. తెలంగాణ పదో తరగతిలో రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500, రీవెరిఫికేషన్‌కు 1000 రూపాయలు. రీవెరిఫికేషన్‌కు కడితే నకలు కూడా ఇస్తారు, రీకౌంటింగ్‌కు వేరే కట్టనక్కర్లేదు. అయితే అక్కడ జవాబును మళ్లీ దిద్దే పద్ధతి లేదు. దిద్దకుండా వదిలేసిన జవాబులకు మార్కు వేయడం, కూడిక సరిచేయడం వరకే.

"నకలు తీసుకుని ఏం లాభం, మళ్లీ దిద్దరు కదా" అన్న మాట అక్కడ నిజం, ఇక్కడ కాదు. "రీవెరిఫికేషన్‌కు వేస్తే పేపరు వాళ్లే పంపుతారు" అన్నదీ అంతే. ఇక్కడ వెరిఫికేషన్‌కు 50 కట్టి పేపరు కోసం ఎదురుచూస్తే అది ఎప్పటికీ రాదు. సరిహద్దు ఊళ్లలో ఈ రెండు మాటల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

ఈ నకలు హక్కు ఎలా వచ్చిందంటే

దీని వెనకున్న చరిత్ర మహారాష్ట్ర బోర్డుదే కావడం విశేషం. జవాబు పత్రాలు చూపించం, మళ్లీ దిద్దం, కూడిక మాత్రమే సరిచూస్తాం అని బోర్డు నియమాల్లో ఉండేది. దాన్ని బొంబాయి హైకోర్టు కొట్టేసింది. బోర్డు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరితోష్ భూపేష్‌కుమార్ శేఠ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1984లో సుప్రీంకోర్టు బోర్డు నియమాలనే నిలబెట్టింది. తర్వాత 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో అదే సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రం కూడా చట్టం చెప్పే సమాచారమేననీ, పరీక్ష రాసినవాడు దాన్ని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చుననీ తేల్చింది.

ఆ తీర్పులోనే ఉన్న మూడు హద్దులు కూడా తెలిసుండాలి. నకలు పొందే హక్కు ఉన్నంత మాత్రాన మళ్లీ దిద్దించుకునే హక్కు వచ్చినట్టు కాదు, అది బోర్డు నియమాల్లో ఉంటేనే. దిద్దినవారి పేరు, సంతకం వెల్లడించరు. పత్రాలను బోర్డు భద్రపరిచే కాలం వరకే అడగొచ్చు.

"అయితే 400 ఎందుకు, సమాచార హక్కు కింద 10 రూపాయలకే అడగొచ్చు కదా" అని కొందరంటారు. చట్టం కింద రుసుము 10, పేజీకి 2 రూపాయలు, నిజమే. కానీ జవాబివ్వడానికి అధికారికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. ఈలోగా బోర్డు పద్ధతిలో నకలు అడిగే గడువు దాటిపోతుంది. తెలుసుకోవడమే ఉద్దేశమైతే ఆ దారి చవక. మార్కు మార్పించుకోవాలంటే బోర్డు దారిలోనే నడవాలి.

దరఖాస్తు నింపేటప్పుడు

పని బోర్డు వెబ్‌సైటులో ఇంటి నుంచో, బడి ద్వారానో జరుగుతుంది. చేతిలో ఉండాల్సినవి హాల్ టికెట్, ఆన్‌లైన్ మార్కుల పత్రం ప్రింటు, పనిచేసే ఫోను, ఈమెయిల్. రుసుము యూపీఐతోనో, కార్డుతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో కట్టాలి. సీట్ నంబరులో మొదట ఉండే ఇంగ్లీషు అక్షరం, తర్వాతి అంకెలు రెండుసార్లు సరిచూసుకోవాలి.

నకలు ఈమెయిల్‌లోనో, వెబ్‌సైటు నుంచో, చేతికో, రిజిస్టర్డ్ పోస్టులోనో తీసుకునే ఐచ్ఛికాలు ఉంటాయి. మారుమూల తాలూకాలకు ఈమెయిలే మంచిది. పోస్టులో రోజులు పోతాయి. ఈమెయిల్ మాత్రం ఇంట్లోవాళ్లదే ఇవ్వాలి. ఆన్‌లైన్ సెంటరువాళ్లు పని త్వరగా తెమలడానికి తమ సొంత ఈమెయిల్ పెట్టేస్తుంటారు. నకలు వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది, ఇక్కడ 5 పని దినాలు కరిగిపోతుంటాయి. స్పామ్ ఫోల్డరు కూడా రోజూ చూడాలి. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకుండా, లాగిన్‌లో పేమెంట్ స్థితి చూసి, లావాదేవీ నంబరు రాసి పెట్టుకోవాలి. చివరి రోజు కోసం ఆగడం అసలే వద్దు. అహేరి, జివతి వైపు నెట్‌వర్క్ ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

పేపరు వచ్చాక చూడాల్సినవి

ముందు బడికి వెళ్లి అంతర్గత మార్కులు ఎన్ని పంపారో కనుక్కోవాలి. పదిలో నూటికి 80 రాతపరీక్షవి, 20 బడి వేసేవి. గణితంలో మొత్తం 52 వచ్చి, అందులో బడి మార్కులు 18 అయితే, రాతపరీక్షలో వచ్చినవి 80కి 34. నకలులో కనిపించాల్సిన అంకె ఈ 34. ఇది తెలియకుండా నకలు పట్టుకుని కూర్చుంటే లెక్క ఎటూ తేలదు. బడి వేసిన 20లో తేడా ఉంటే అది రీచెకింగ్‌తో పరిష్కారమయ్యేది కాదు, హెడ్‌మాస్టరు బోర్డుకు రాయాల్సిందే.

గణితం, సైన్సు రెండేసి పేపర్లు, ఒక్కోటి 40కి. సోషల్‌లోనూ చరిత్ర-రాజ్యశాస్త్రం 40, భూగోళం 40. కాబట్టి రెండు పత్రాల మొత్తాలూ విడివిడిగా చూసి, తర్వాత కలిపి చూడాలి.

గణితం ఒకటో భాగం, అంటే బీజగణితం పేపరునే తీసుకుందాం. ప్రశ్నల వారీగా గరిష్ఠ మార్కులు 8, 12, 9, 8, 3. మొత్తం 40. తెల్లకాగితం మీద ఐదు గళ్లు గీసి, నకలు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేస్తూ ప్రతి జవాబు పక్కన ఎర్ర సిరాతో ఉన్న అంకెను దాని గడిలో వేసుకుంటూ పోవాలి. పై పేజీ పట్టికను ముందే చూడకూడదు, చూస్తే కన్ను అదే అంకెకు మొగ్గుతుంది. పై పేజీలో 7, 9, 5, 4, 0 కలిపి 25 అని ఉందనుకుందాం. లోపల నాలుగో ప్రశ్నలో మొదటి లెక్కకు 4 పడ్డాయి. రెండో లెక్క పురవణిలో, అంటే అదనపు కాగితంలో ఉంది. దానికి 3 వేశారు గానీ అవి పై పేజీకి ఎక్కలేదు. అసలు రావాల్సింది 28. పొరపాట్లకు ఎక్కువ తావుండేది ఇలాంటి చోటే: పురవణిలో, ఒక ప్రశ్నను రెండు చోట్ల ముక్కలుగా రాసినప్పుడు, ప్రశ్న సంఖ్య వేయడం మరిచినప్పుడు, కింద కొద్దిగా రాసి పేజీ తిప్పినప్పుడు.

పురవణుల సంఖ్య కూడా లెక్కించాలి. పిల్ల రెండు తీసుకున్నానంటోంది, నకలులో ఒకటే ఉంది అంటే అది పెద్ద విషయం. నకలులోని పేజీలన్నీ వరసగా వచ్చాయో లేదో చూసి, లోటుంటే ఆ రోజే విభాగీయ బోర్డుకు రాతపూర్వకంగా తెలపాలి. మూడింట్లో ఏవైనా రెండు చేయమన్న ప్రశ్నలో మూడూ చేసి ఉంటే, మొత్తంలోకి ఏవి తీసుకున్నారో గమనించాలి.

కూడిక సరిపోయాక అసలు పరీక్ష, దిద్దుబాటు. ఇది తల్లిదండ్రుల వల్ల కాదు, ఆ సబ్జెక్టు చెప్పిన మాస్టారు చూడాల్సిందే. బోర్డు పేపర్లకు దశలవారీగా మార్కులుంటాయి. వర్గ సమీకరణాన్ని సూత్రంతో సాధించమన్నారనుకుందాం: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6 ఎక్స్ ప్లస్ 2 ఈక్వల్ టు సున్నా. ఎ, బి, సి విలువలు రాయడం ఒక మెట్టు. బి స్క్వేర్ మైనస్ 4ఎసి, అంటే 36 మైనస్ 8, 28 అని తేల్చడం మరో మెట్టు. సూత్రంలో వేసి, రూట్ 28ని 2 రూట్ 7గా విడగొట్టి, మైనస్ 3 ప్లస్ లేదా మైనస్ రూట్ 7 అని తెగ్గొట్టడం చివరి మెట్టు. ఒక పిల్లాడు రూట్ 28 దగ్గరే ఆగిపోతే చివరి మెట్టు మార్కు పోవడం న్యాయమే. మొత్తానికి సున్నా వేసి ఉంటే మాత్రం అడగాల్సిన విషయం. ఇలాంటివి కలిపి ఎన్ని మార్కుల తేడా వస్తుందో మాస్టారు ప్రశ్న సంఖ్యతో సహా కాగితం మీద రాసి ఇస్తే, రీవాల్యుయేషన్‌కు వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు తేలుతుంది. ఒకటీ అరా అయితే వద్దు. రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గే అవకాశం కూడా ఉంటుంది. ఉదారంగా వేసిన చోట్లు పేపర్లో ఎన్ని ఉన్నాయో కూడా మాస్టారు నిజాయితీగా చెప్పాలి.

పరీక్షకుడు దిద్దాక మోడరేటర్, ఆపై చీఫ్ మోడరేటర్ కొన్ని పత్రాలను మళ్లీ చూస్తారు. అందువల్ల ఒకే జవాబు మీద రెండు రంగుల అంకెలు కనిపించవచ్చు. ఒక దాన్ని కొట్టేసి మరొకటి వేసి ఉంటే కంగారు పడనక్కర్లేదు. చివరి అంకె పై పేజీలోకి వచ్చిందా అన్నదే చూడాలి.

మరాఠీ పేపరు సంగతి

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాధ్యమం. మన పిల్లల్లో చాలామందికి మార్కులు తక్కువొచ్చి బాధ కలిగించేది మరాఠీ పేపరే. ఇక్కడ రీవాల్యుయేషన్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. మరాఠీలో ప్రాణం లేని వస్తువులకూ మూడు లింగాలు, తో, తీ, తే. తెలుగులో బల్ల, పుస్తకం, గోడ అన్నీ అదే, ఇదే. ఈ తేడా క్రియలోకీ విశేషణంలోకీ పాకి, పేరా రాస్తే వరసకు ఒక గీత పడుతుంది. నకలులో ఎర్ర గీతలు ఇలాంటి చోట్లే గుమిగూడి ఉంటే ఆ మార్కులు తిరిగి రావు. పత్రలేఖనం, వ్యాసం లాంటి వాటిలో ఒకరు 4 వేసిన చోట మరొకరు 5 వేస్తే అది తప్పూ కాదు. ఆ నకలును దాచుకుని పదకొండో తరగతిలో మరాఠీ మాస్టారికి చూపిస్తే 300 రూపాయల కన్నా ఎక్కువే గిట్టుతుంది.

ఏ సబ్జెక్టుకు కడితే ఫలితం

మహారాష్ట్ర పదిలో శాతం లెక్కించేది ఆరు సబ్జెక్టుల్లో మెరుగైన ఐదింటితో. ఇది మరిచిపోయి అన్నిటికన్నా తక్కువొచ్చిన సబ్జెక్టుకే డబ్బు కడుతుంటారు. ఒక విద్యార్థికి మరాఠీ 61, హిందీ 70, ఇంగ్లీషు 58, గణితం 72, సైన్సు 74, సోషల్ 79 వచ్చాయనుకుందాం. మెరుగైన ఐదు కలిపితే 356, అంటే 71.2 శాతం. ఇంగ్లీషు లెక్కలోనే లేదు. అందులో 3 పెరిగినా శాతం కదలదు. 5 పెరిగి 63 అయితే మరాఠీ స్థానంలోకి వచ్చి 71.6 అవుతుంది. అదే 5 గణితంలో పెరిగితే 72.2. నకలు, రీవాల్యుయేషన్ కలిపి సబ్జెక్టుకు 700. రోజు కూలితో నడిచే ఇంట్లో అది ఎంత బరువో తెలిసిందే కనుక, ఏ సబ్జెక్టుకు అన్నది ఇలా లెక్కేసుకునే నిర్ణయించాలి.

పాస్ మార్కు 35కు కాస్త ముందు ఆగిపోయిన పిల్లల సంగతి వేరు. వాళ్లకు ఒకటి రెండు మార్కులే పాస్, ఫెయిల్ తేలుస్తాయి. నకలు తప్పకుండా తీసుకోవాలి. అయితే దాని మీదే కూర్చోకుండా, జూన్-జూలైలో జరిగే సప్లిమెంటరీ పరీక్షకు బడి ద్వారా ఫారం కూడా నింపాలి. ఒకటి రెండు సబ్జెక్టులు మిగిలితే ఏటీకేటీ కింద, అంటే మిగిలినవి తర్వాత రాసుకునే షరతు మీద, పదకొండులో చేరే వీలుంది. ఈ మాట తెలియక చదువు మానిపించి పనికి పంపిన ఇళ్లున్నాయి. అది చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పన్నెండో తరగతికీ ఇదే పద్ధతి. అక్కడ కటాఫ్ దగ్గరున్నవాళ్లు ముందుపడాలి.  రాష్ట్రంలో ఇంజినీరింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి జనరల్‌కు 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. 44 దగ్గర ఆగినవాళ్లకు రెండు మార్కులు కూడా పెద్దవే.

నవోదయల్లో, బల్లార్‌పూర్, చంద్రపూర్ వైపు సీబీఎస్‌ఈ బడుల్లో చదివేవాళ్లకు దారి వేరు. 2025 నుంచి అక్కడ కూడా ముందు నకలు, తర్వాతే సరిచూత, రీవాల్యుయేషన్. రీవాల్యుయేషన్‌కు ప్రశ్నకు ఇంత అని కట్టాలి, ఒక్క మార్కు తగ్గినా తగ్గిందే ఖాయం.

ఎదురుచూపులో చేయాల్సిన పని

2025-26 నుంచి పదకొండో తరగతి ప్రవేశాలు రాష్ట్రమంతటా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. ఇదివరకు నాగపూర్, అమరావతి లాంటి నగరాలకే ఉన్న పద్ధతి ఇప్పుడు సిరొంచకూ వర్తిస్తుంది. రీచెకింగ్ ఫలితం వచ్చాక నింపుదామని ఆగితే మొదటి రౌండు పోతుంది. ఉన్న మార్కులతోనే ఫారం నింపి, సీటు వస్తే చేరిపోవాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ ఫారాలకూ ఇదే మాట.

మార్కులు మారితే కొత్త మార్కుల పత్రం వస్తుంది. దానికోసం పాతది వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి ముందే నాలుగైదు జిరాక్సులు తీసి, హెడ్‌మాస్టరు సంతకంతో ధ్రువీకరించుకుని పెట్టుకోవాలి. కొత్త పత్రం అందిన రోజే చేరిన కాలేజీకి దాని నకలు జతచేసి రాతపూర్వకంగా తెలిపి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోవాలి. స్కాలర్‌షిప్ ఫారం పాత మార్కులతో నింపి ఉంటే దాన్నీ సరిచేయించాలి. లేకపోతే పరిశీలనలో రెండు పత్రాలు కలవక డబ్బు ఆగిపోతుంది.